పర్సనాలిటీ టెస్ట్ పెడితే షాపులో దొంగతనాలు, గొడవలు ఆగుతాయా?

స్టాక్‌రూమ్_సుధ
మాది 14 మెడికల్ షాపుల చెయిన్, కృష్ణా, గుంటూరు వైపు. మొత్తం 70 మంది స్టాఫ్. నెలనెలా స్టాక్ లెక్క తేలట్లేదు, కొన్ని చోట్ల క్యాష్ తక్కువొస్తోంది, రెండు షాపుల్లో స్టాఫ్ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు. ఈలోగా ఒక టెస్టింగ్ కంపెనీ వాళ్లు 60 ప్రశ్నల పర్సనాలిటీ టెస్ట్ పట్టుకొచ్చారు. చెడ్డవాళ్లని గేటు దగ్గరే ఆపేస్తుందట. ఓనరు గారు దాదాపు ఒప్పేసుకున్నారు. మనిషి స్వభావానికీ, పనిలో చేసే నష్టానికీ నిజంగా సంబంధం ఉందా? ఉంటే ఏ గుణానికి ఏ తప్పుతో? ఇప్పటికే పనిలో ఉన్నవాళ్లకీ టెస్ట్ పెట్టమంటున్నారు, అది సబబేనా? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

బెజవాడ_బాబ్జీ
సంబంధం లేకపోవడమేంటండీ. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు. టెస్ట్ పెట్టండి, తేడా వచ్చినోళ్లని సాగనంపండి. పోయే సరుకుతో చూస్తే టెస్ట్ ఖర్చు ఎంత?

పని_మనసు
సంబంధం ఉంది. కాకపోతే ముందు "నష్టం" అన్న మూటని విప్పాలి. సుధ గారు మూడు సంగతులు ఒకే వాక్యంలో చెప్పేశారు: స్టాక్, క్యాష్, గొడవలు. ఈ మూడూ ఒకే రకం మనిషి చేసేవి కావు.

1995లో రాబిన్సన్, బెనెట్ అనే ఇద్దరు దీన్ని రెండు గీతలతో విడగొట్టారు. మొదటి గీత: దెబ్బ ఎవరి మీద పడుతోంది, సంస్థ మీదా, తోటి మనిషి మీదా. రెండో గీత: చిన్నదా, పెద్దదా. ఆలస్యంగా రావడం, కావాలని నెమ్మదిగా చేయడం సంస్థ మీద చిన్న తప్పులు. సరుకు ఎత్తేయడం, మిషన్ పాడుచేయడం పెద్దవి. పుకార్లు పుట్టించడం మనిషి మీద చిన్నది, తిట్టడం, బెదిరించడం పెద్దవి. తర్వాత స్పెక్టర్ బృందం ఐదు పెట్టెలు చేసింది: తోటివాళ్లని హింసించడం, పని చెడగొట్టడం, వస్తువులు ధ్వంసం చేయడం, దొంగతనం, పని నుంచి తప్పుకోవడం.

ఇక గుణాలు. మనిషి స్వభావాన్ని ఐదు గుణాలుగా కొలిచే పద్ధతిని బిగ్ ఫైవ్ అంటారు. బిగ్ ఫైవ్‌లో ఇక్కడ అసలు లెక్కలోకొచ్చేవి మూడు. బాధ్యతగా, పద్ధతిగా ఉండే గుణం తక్కువైతే సంస్థ మీద తప్పులు ఎక్కువ. కలుపుగోలుతనం తక్కువైతే మనుషుల మీద తప్పులు ఎక్కువ. చిన్నదానికే కుదేలైపోయే, ఉడికిపోయే తత్వం రెండింటికీ కొంచెం కొంచెం తోడవుతుంది. 2007లో బెర్రీ, వన్స్, సాకెట్ అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే కలుపుగోలుతనానికీ మనుషుల మీద తప్పులకీ మైనస్ 0.46, బాధ్యతా గుణానికీ సంస్థ మీద తప్పులకీ మైనస్ 0.42 వచ్చింది. రెండు సంగతులు ఎంత కలిసి నడుస్తాయో చెప్పే అంకె ఇది: సున్నా అంటే సంబంధమే లేదు, 1 అంటే పూర్తి సంబంధం, మైనస్ అంటే ఒకటి పెరిగితే రెండోది తగ్గుతుంది. మనస్తత్వ శాస్త్రంలో ఇవి చిన్న అంకెలు కావు. చలాకీగా కలివిడిగా ఉండటం, కొత్తవాటి మీద ఆసక్తి, ఈ మిగతా రెండు గుణాలూ ఇక్కడ పెద్దగా ఏమీ చెప్పవు.

కాబట్టి మీ రెండు షాపుల గొడవకీ, స్టాక్ తేడాకీ ఒకే టెస్ట్ మార్కు చూసి మందు వేయలేరు.

కొత్తగా_చేరా
0.42 అంటే 42 శాతం కరెక్టుగా చెప్పేస్తుందనా?

లెక్కల_మాస్టారు
కాదు, అక్కడే అందరూ జారుతారు. 0.42ని దాంతోనే గుణిస్తే సుమారు 0.18. మనుషుల మధ్య కనిపించే తేడాలో వంద పాళ్లకి 18 పాళ్లు ఆ గుణంతో కలిసి నడుస్తోందని అర్థం. మిగతా 82 పాళ్లు వేరే చోట ఉన్నాయి. అది కూడా కొలతలోని లోపాలని సరిదిద్దాక వచ్చిన అంకె. మీ చేతికొచ్చే టెస్ట్ పేపరు అంత శుభ్రంగా ఉండదు.

ఇప్పుడు అసలు ప్రమాదం. సుధ గారూ, కాగితం తీసుకుని ఈ లెక్క వేసి ఓనరు గారి ముందు పెట్టండి. 100 మంది ఉద్యోగానికి వచ్చారు. వాళ్లలో నిజంగా నష్టం చేసేవాళ్లు 5 మంది అనుకుందాం. టెస్ట్ చాలా మంచిదే అనుకుందాం: చెడ్డవాళ్లలో 80 శాతం మందిని పట్టేస్తుంది, మంచివాళ్లలో 20 శాతం మందిని మాత్రమే పొరపాటున పట్టుకుంటుంది. 5 మందిలో 4 దొరుకుతారు. మిగతా 95లో 20 శాతం అంటే 19 మంది. ఎర్ర గుర్తు పడింది 23 మందికి, అందులో తప్పు చేసేవాళ్లు నలుగురు. ఆరుగురిలో ఐదుగురు నిర్దోషులు.

ఉద్యోగం ఇవ్వకుండా ఆపడానికైతే, కావలసినంత మంది అభ్యర్థులు ఉంటే, ఒక కంపెనీ ఈ నష్టం భరించొచ్చునేమో. పనిలో ఉన్నవాళ్లని తీసేయడానికి ఈ అంకెలు వాడటం అన్యాయం. నష్టం చేసేవాళ్లు ఎంత తక్కువమంది ఉంటే టెస్ట్ అంత ఎక్కువ తప్పుతుంది, ఇది ఏ కంపెనీ టెస్ట్‌కైనా తప్పదు.

బెజవాడ_బాబ్జీ
మాస్టారూ, 23 మందిని వదిలేసి మిగతా 77 మందిలోంచి తీసుకుంటే వాళ్లలో చెడ్డవాడు ఒక్కడే కదా. వందకి ఐదు నుంచి 77కి ఒకటి. ఓనరుకి అది లాభమే.

లెక్కల_మాస్టారు
కొత్త నియామకాల్లో ఆ మాట నిజమే, ఒప్పుకుంటున్నా. రెండు షరతులు. ఒకటి, 77 మంది మిగిలేలా అభ్యర్థులు రావాలి. రిజిస్టర్డ్ ఫార్మసిస్టు పోస్టుకి ముగ్గురొస్తే ఏరుకోవడానికి ఏముంది? రెండు, టెస్ట్ నిజంగా 80 శాతం పట్టాలి. నేను ఉదారంగా వేసిన అంకె అది.

డల్లాస్_ప్రసాద్
అమెరికాలో ఈ టెస్టుల వెనక ఒక చరిత్ర ఉంది. ఒకప్పుడు షాపుల్లో చేరేవాళ్లకి పాలీగ్రాఫ్ (అబద్ధాలు పట్టే యంత్రం) పెట్టేవారు. 1988లో చట్టం చేసి ప్రైవేటు యజమానులు చాలావరకు అది వాడకుండా ఆపారు. ఆ ఖాళీలోకి కాగితం మీద రాసే ఇంటెగ్రిటీ (నిజాయితీ) టెస్టులు మరింతగా వచ్చాయి. రెండు రకాలు: నేరుగా అడిగేవి ("చిన్న వస్తువు ఇంటికి తీసుకెళ్తే తప్పా?"), స్వభావం మీదుగా చుట్టుతిరిగి అడిగేవి.

1993లో వన్స్, విశ్వేశ్వరన్, ష్మిట్ చేసిన పెద్ద విశ్లేషణలో నష్టపరిచే ప్రవర్తనతో 0.47 వచ్చింది. అమ్మేవాళ్లు దాన్నే బ్రోచర్ల మీద వేసుకున్నారు. 2012లో వాన్ ఇడ్డెకింజ్ బృందం నియమాలు బిగించి మళ్లీ లెక్కేస్తే 0.32కి దిగింది. అందులోనూ మనిషి తానే ఒప్పుకున్న తప్పులతో పోలిస్తే 0.42, కంపెనీ రికార్డుల్లో ఎక్కిన తప్పులతో పోలిస్తే 0.15 చుట్టూ. టెస్ట్‌లో నిజం చెప్పే మనిషి తప్పుల పట్టికలోనూ నిజం చెబుతాడు, అందుకే మొదటి అంకె ఉబ్బుతుంది. ఇటు దొరకనివాడు రికార్డులోకే ఎక్కడు, అందుకే రెండోది తగ్గుతుంది. అసలు సంగతి మధ్యలో ఎక్కడో ఉంది.

సుధ గారు టెస్టింగ్ కంపెనీని అడగాల్సింది ఇదీ: మీ అంకె దేనితో పోల్చి తీశారు, ఎవరి మీద తీశారు, ఉద్యోగం కోసం వచ్చినవాళ్ల మీదా, కాలేజీ పిల్లల మీదా? తెలుగులో ఇచ్చే టెస్ట్ తెలుగువాళ్ల మీదే సరిచూశారా, ఇంగ్లీషు ప్రశ్నలని తెలుగులోకి మార్చి ఊరుకున్నారా? జవాబు కాగితం మీద ఇమ్మనండి.

నైట్‌షిఫ్ట్_నాగులు
టెస్ట్ ప్రశ్నలు ఎలా ఉంటాయో అందరికీ తెలుసు. "నేను ఎప్పుడూ సమయానికి వస్తాను" అని ఉంటే ఉద్యోగం కావాల్సినవాడు ఏం టిక్ పెడతాడు?

పని_మనసు
అది జరుగుతుంది నాగులు గారూ. ఉద్యోగానికి వచ్చినవాళ్ల మార్కులు పనిలో ఉన్నవాళ్ల మార్కుల కంటే పైకి తేలుతూనే ఉంటాయి. కొంత అడ్డుకోవడానికి రెండు మంచి వాక్యాలిచ్చి ఒకటే ఎంచుకోమనే పద్ధతి ఉంది: "చెప్పిన టైముకి వస్తాను", "తోటివాడికి సాయం చేస్తాను", ఇందులో మీకు ఎక్కువ తగినది ఏది? రెండూ మంచివే కాబట్టి పెంచి చెప్పడం కష్టం. పూర్తిగా ఆగదు, తగ్గుతుంది.

మనుషుల్ని నాలుగు అక్షరాల టైపులుగా విడగొట్టే ఎంబీటీఐ లాంటిది మాత్రం అంటగడితే తీసుకోవద్దు. దాన్ని ప్రచురించేవాళ్లే ఉద్యోగ ఎంపికకి వాడొద్దంటారు.

డల్లాస్_ప్రసాద్
దీనికి ఒక చేర్పు. బిగ్ ఫైవ్ కంటే ఈ విషయంలో మెరుగ్గా పనిచేసేది హెక్సాకో. యాష్టన్, లీ తయారుచేసిన ఆరు గుణాల నమూనా. ఆరోది నిజాయితీ-నమ్రత: ఇతరుల్ని వాడుకోకపోవడం, అత్యాశ లేకపోవడం, తనకి ప్రత్యేక హక్కులున్నాయని అనుకోకపోవడం. 2019లో ప్లెట్జర్ బృందం పోల్చి చూస్తే పనిలో తప్పుల తేడాలో హెక్సాకో 32 శాతం, బిగ్ ఫైవ్ 19 శాతం వివరించాయి. కలుపుగోలుతనం వేరు, నిజాయితీ వేరు. అందరితో నవ్వుతూ ఉండే మనిషి మంచివాడేనని సూపర్వైజర్లు పడే పొరపాటు ఇక్కడ బయటపడుతుంది.

ఆడిట్_ఆచారి
ఆ ఆఖరి మాట రిటైల్ ఆడిట్‌లో రోజూ కనిపించేదే. మొహమాటం మనిషే క్యాష్ కౌంటర్లో స్నేహితుడికి నాలుగు వస్తువులు స్కాన్ చేసి ఐదోది సంచిలో వేసేస్తాడు. తనకి పైసా మిగలదు, కాదనలేక చేస్తాడు. ఏ టెస్ట్‌లోనూ వీడికి ఎర్ర గుర్తు పడదు.

సుధ గారూ, మనిషి స్వభావం దాకా వెళ్లే ముందు నాలుగు సంగతులు చెప్పండి.
తేడా ఏ షాపుల్లో, ఏ షిఫ్టులో ఎక్కువ?
క్యాష్ సరిపోయి స్టాక్ తక్కువా, స్టాక్ సరిపోయి క్యాష్ తక్కువా?
బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి ఒక్కరికీ సొంత లాగిన్ ఉందా?
తక్కువొచ్చిన మొత్తాన్ని ఏం చేస్తున్నారు?

స్టాక్‌రూమ్_సుధ
ఆచారి గారూ, ఎక్కువ షాపుల్లో క్యాష్ సరిపోతోంది, స్టాకే తక్కువ. మూడు షాపుల్లో క్యాష్ కూడా తేడా. లాగిన్ షాపుకి ఒకటే, అందరూ అదే వాడతారు. తక్కువొచ్చినది ఆ షాపు స్టాఫ్ అందరి జీతాల్లో సమానంగా కోస్తాం. ఓనరు గారి పద్ధతి అది, అలాగైతే ఒకరి మీద ఒకరు కన్నేసి ఉంచుతారని.

నైట్‌షిఫ్ట్_నాగులు
అదీ సంగతి! గొడవలు ఎక్కడి నుంచి వచ్చాయో ఇప్పుడు తెలిసింది. ఎవడో తీసినదానికి నా జీతం పోతే నేను పక్కవాడితో నవ్వుతూ మాట్లాడాలా?

పని_మనసు
నాగులు గారు సరిగ్గా పట్టుకున్నారు. దీని మీద గట్టి సాక్ష్యం ఉంది. 1990లో గ్రీన్‌బర్గ్ ప్రచురించిన అధ్యయనం. అమెరికాలో ఒకే కంపెనీకి చెందిన మూడు ప్లాంట్లు. కాంట్రాక్టులు పోవడంతో రెండు ప్లాంట్లలో 10 వారాలు 15 శాతం జీతం కోత పెట్టారు. ఒకచోట పెద్దాయన గంటన్నర కూర్చుని ఎందుకు కోస్తున్నామో లెక్కలతో చూపించి, బాధపడుతున్నామని చెప్పి, అడిగినవాటికన్నిటికీ జవాబిచ్చాడు. రెండోచోట పావుగంటలో చెప్పేసి లేచిపోయారు. మూడో ప్లాంట్లో కోతే లేదు. కోత పడిన రెండు చోట్లా దొంగతనం పెరిగింది, సరిగా చెప్పని చోట బాగా ఎక్కువ పెరిగింది. జీతాలు మామూలుకొచ్చాక దొంగతనమూ తగ్గింది.

అవే ప్లాంట్లు, అవే మనుషులు. పది వారాల్లో వాళ్ల స్వభావం మారి మళ్లీ వెనక్కి రాలేదు కదా.

బెజవాడ_బాబ్జీ
అంటే ఎవరూ తప్పు చేసినవాళ్లు కారు, అంతా ఓనరు తప్పేనా? ఆ ప్లాంట్లో కూడా అందరూ దొంగతనం చేసి ఉండరు. కోత అందరికీ పడింది, చేతివాటం కొందరిదే. ఆ కొందరు ఎవరు? అదే స్వభావం.

పని_మనసు
బాబ్జీ గారి ప్రశ్నే ఈ చర్చకి ఆయువుపట్టు. దీనికీ జవాబుంది. 1999లో స్కార్లికి, ఫోల్గర్, టెస్లుక్ ఒక ఫ్యాక్టరీలో చూసింది ఇదే: అన్యాయం జరిగిందనుకున్నప్పుడు పగ తీర్చుకునేది ఎవరని. కలుపుగోలుతనం తక్కువున్నవాళ్లు, ఎప్పుడూ ఆందోళన, చిరాకు మోసేవాళ్లు ఎక్కువగా తిరగబడ్డారు. 2004లో కోల్బర్ట్ బృందం ఇలాంటిదే చూసింది: పనిచేసే చోటు బాగాలేదనిపిస్తే శ్రమ తగ్గించేసేది ముఖ్యంగా బాధ్యతా గుణం తక్కువున్నవాళ్లు. ఆ గుణం బలంగా ఉన్నవాళ్లు చోటు నచ్చకపోయినా పని చేసుకుపోతున్నారు.

అంటే స్వభావం ఉంది, పరిస్థితి ఉంది, రెండూ కలిసినచోట నష్టం. మీరు చెప్పే "కొందరు" నిజమే. ఆ కొందరినీ కోత లేపింది. మీ చేతిలో వెంటనే మార్చగలిగింది కోత. గుణాన్ని మార్చడానికి ఏళ్లు పడుతుంది.

ఇంకో మెట్టు కూడా ఉంది. నియమాలు స్పష్టంగా, ఎవరు ఏం చేశారో కనిపించేలా ఉన్నచోట అన్ని రకాల మనుషులూ దాదాపు ఒకేలా నడుస్తారు. అజమాయిషీ వదులుగా ఉన్నచోటే ఎవడి స్వభావం వాడిది బయటికొస్తుంది. 14 షాపులకి 14 లాగిన్లు అంటే అజమాయిషీ చాలా వదులు.

లేబర్_లా_లక్ష్మి
సమానంగా కోసే పద్ధతి చట్టం ముందు నిలవదు, దాన్ని ఈ నెలే ఆపండి. 1936 వేతనాల చెల్లింపు చట్టంలోనూ, తర్వాత వచ్చిన వేతనాల కోడ్‌లోనూ నియమం ఒకటే: సరుకు గానీ డబ్బు గానీ ఆ ఉద్యోగికి ప్రత్యేకంగా అప్పగించి ఉండాలి, నష్టం నేరుగా అతని నిర్లక్ష్యం వల్లే జరిగి ఉండాలి, కోత అతని వల్ల జరిగిన నష్టాన్ని మించకూడదు, కోసే ముందు అతని వివరణ అడగాలి. "షాపులో తగ్గింది, ఐదుగురూ పంచుకోండి" అంటే ఈ నాలుగులో ఒక్కటీ నెరవేరదు.

టెస్ట్ మార్కు చూసి తీసేయడం గురించి కూడా. మీ షాపులకి ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం 1988 వర్తిస్తుంది. ఆరు నెలలు దాటిన ఉద్యోగిని సరైన కారణం, నెల రోజుల నోటీసు లేదా జీతం లేకుండా తీసేయలేరు. "స్వభావం బాగోలేదు" అనేది కారణం కాదు. తప్పు జరిగితే ఆరోపణ పత్రంలో తేదీ, సమయం, బిల్లు నంబరు, మొత్తం ఉండాలి. విచారణ చేసే మనిషి ఆ కేసులో సాక్షి అయ్యుండకూడదు. ఉద్యోగికి పత్రాలు చూపించి, సాక్షుల్ని ప్రశ్నించే అవకాశం ఇవ్వాలి.

స్టాఫ్ గొడవల్లో ఆడవాళ్ల మీద లైంగిక వేధింపు ఉంటే అది మామూలు గొడవల పుస్తకంలో రాయకూడదు. పది మందికి పైన ఉన్న సంస్థ కాబట్టి పనిచోట లైంగిక వేధింపులని ఆపే 2013 చట్టం ప్రకారం అంతర్గత కమిటీ ఉండి తీరాలి. ఫిర్యాదుకి గడువు మూడు నెలలు, కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలలు పొడిగించొచ్చు.

ఆడిట్_ఆచారి
లక్ష్మి గారు చెప్పింది ముందు. ఆ తర్వాత సరుకు ఎక్కడ పోతోందో చూద్దాం. క్యాష్ సరిపోయి స్టాక్ తక్కువైతే అనుమానించాల్సిన చోట్లు ఈ వరసలో:

మొదట ఐటెం మాస్టర్, అంటే సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మందు వివరాలు, ప్యాక్ సైజు రాసి ఉండే జాబితా. దొంగతనంలా కనిపించే తేడాలో మంచి భాగం ఇక్కడే తేలిపోతుంది. స్ట్రిప్‌లో 10 మాత్రలుంటే సాఫ్ట్‌వేర్‌లో ప్యాక్ సైజు 15 అని ఉందనుకోండి. 20 స్ట్రిప్పులు కొంటే సిస్టంలో 300 మాత్రలు, అలమరలో 200. 100 మాత్రలు "పోయాయి". ఎవరూ ముట్టుకోలేదు. ఎక్కువ తేడా ఉన్న 50 ఐటెములు తీసి ప్యాక్ సైజు చేత్తో పట్టుకుని చూడండి.

తర్వాత రిటర్న్ బిల్లులు. ఇది దగ్గరగా చూడాలి. కస్టమరు 480 రూపాయలు క్యాష్ ఇచ్చి మందులు తీసుకుని బిల్లు కౌంటర్ మీదే వదిలేసి వెళ్తాడు. గంట తర్వాత అదే బిల్లు నంబరు కొట్టి రిటర్న్ ఎంట్రీ వేస్తే డ్రాయర్లోంచి 480 తీయొచ్చు, రాత్రి క్యాష్ రూపాయి తేడా లేకుండా సరిపోతుంది. సిస్టం మాత్రం మందులు అలమరలోకి తిరిగొచ్చాయనుకుంటుంది. నెలాఖరుకి అది స్టాక్ తేడాగా తేలుతుంది. రిటర్న్ రిపోర్టు తీసి వెతకండి: షిఫ్ట్ ఆఖరి అరగంటలో పడినవి, కస్టమర్ ఫోన్ నంబరు లేనివి, ఒకే నంబరు మళ్లీమళ్లీ వచ్చినవి, బిల్లులో ఉన్నవన్నీ ఒకేసారి వాపసు అయినవి. మామూలుగా జనం బిల్లులో ఒకటో రెండో ఐటెములే తిరిగిస్తారు.

ఆ తర్వాత ఎక్స్‌పైరీ, బ్రేకేజీ. మంచి సరుకుని పగిలిందని రాసి బయటికి పంపడం సులువు. పగిలిన సీసా, బ్యాచ్ నంబరు కనిపించేలా ఫోటో లేనిదే ఎంట్రీ ఒప్పుకోవద్దు. ఆఖరుగా నిద్రమాత్రలు, నొప్పి మందుల్లో షెడ్యూల్ హెచ్1 కిందవి, అంటే అమ్మినప్పుడల్లా విడిగా రిజిస్టర్‌లో రాయాల్సినవి: హెచ్1 రిజిస్టర్‌లో రాసినవీ, బిల్లుల్లో అమ్మినవీ, కొన్నవీ మూడూ కలవాలి. ఆ రిజిస్టర్ మూడేళ్లు దాచాలన్నది ఎలాగూ రూలే.

లాగిన్ మనిషికొకటి ఈ వారమే ఇవ్వండి. రిటర్న్‌కి రెండో మనిషి అనుమతి పెట్టండి. రాత్రి క్యాష్ లెక్క క్యాషియరుకి సిస్టం మొత్తం చూపకుండా చేయించండి. తను లెక్కపెట్టి రాసిన తర్వాతే సిస్టం అంకె తెరవాలి. అంకె ముందే తెలిస్తే ఎక్కువొచ్చినది జేబులోకి పోతుంది, తక్కువొచ్చిన రోజే బయటపడుతుంది.

కొత్తగా_చేరా
బ్రేకేజీకి ఫోటో అడిగితే మమ్మల్ని నమ్మట్లేదని స్టాఫ్ అనుకోరా?

ఆడిట్_ఆచారి
ఓనరు గారు సహా అందరికీ ఒకటే రూలైతే అనుకోరు. ఒక్క షాపుకే పెడితే అనుకుంటారు.

కొత్తగా_చేరా
ఇంకో ప్రశ్న. డార్క్ ట్రయాడ్ అని ఎక్కడ చూసినా వినిపిస్తోంది. సత్యం కంప్యూటర్స్ లాంటి పెద్ద మోసాలు చేసేవాళ్లు అదేనా?

డల్లాస్_ప్రసాద్
డార్క్ ట్రయాడ్ అంటే పౌలస్, విలియమ్స్ 2002లో పెట్టిన మూడు: తనని తాను గొప్పగా చూసుకునే ఆత్మమోహం, జనాన్ని పావుల్లా వాడే కుటిలత్వం, జాలి, భయం లేని మొరటుతనం. 2012లో ఓబాయిల్ బృందం విశ్లేషణలో పనిలో తప్పులతో ఆత్మమోహానికి 0.43, కుటిలత్వానికి 0.25. మూడోదానికి అందరూ ఎక్కువ ఆశించారు, వచ్చింది సున్నాకి దగ్గరగా. ఆత్మమోహం ఉన్నవాడికి చిన్న మాట కూడా అవమానంలా తగులుతుంది, అక్కడి నుంచి తిరగబడటం మొదలు.

సత్యం గురించి: 2009 జనవరి 7న బయటికొచ్చిన ఛైర్మన్ లేఖలో లేని నగదు 5,040 కోట్లు ఉన్నట్టు చూపామని రాశారు. పేపర్లో చదివి ఆ మనుషుల స్వభావం మనం తేల్చకూడదు, తేల్చినా ఉపయోగం లేదు. ఆడిట్ వైపు నుంచి చూస్తే బ్యాంకు నుంచి నేరుగా తెప్పించుకోవాల్సిన నిర్ధారణని ఆడిటర్లు సరిగా తెప్పించుకోలేదు. మన చర్చకి పనికొచ్చేది ఆ ముక్క.

నైట్‌షిఫ్ట్_నాగులు
ఒకటి గట్టిగా చెప్పాలి. "నష్టం చేసే ఉద్యోగి" జాబితాలో ఫిర్యాదు చేసేవాణ్ణి కలపొద్దు. లేబర్ ఆఫీసుకి వెళ్లినవాడు, ఓటీ డబ్బులు అడిగినవాడు, గడువు దాటిన మందు అమ్మనన్నవాడు, వీళ్లందరికీ మేనేజర్ ఇచ్చే మార్కుల్లో "సర్దుకుపోడు" అని పడుతుంది. సర్దుకుపోని ఆ మనిషే షాపుని కాపాడుతున్నాడు.

పని_మనసు
నూటికి నూరు పాళ్లు. దీనికి రెండో వైపూ ఉంది: సంస్థ లాభం కోసం చేసే తప్పులు. టార్గెట్ కోసం అవసరం లేని టానిక్ అంటగట్టడం, ప్రిస్క్రిప్షన్ లేకుండా యాంటీబయోటిక్ ఇవ్వడం. చేసేవాడు విధేయుడు, బాధ్యత గలవాడు, టెస్ట్‌లో మంచి మార్కులొస్తాయి. ఓనరు గారు వీటిని కూడా తప్పుల లెక్కలో రాయకపోతే స్టాఫ్‌కి అందే సందేశం, మాకు నష్టమైతేనే తప్పు అని.

మేనేజర్ల సంగతి కూడా చూడండి. ఒక షాపులోనే సెలవులు, ఆలస్యాలు, గొడవలు గుంపుగా కనిపిస్తే, ఐదుగురికీ ఒకేసారి స్వభావం చెడిందనుకునే ముందు ఆ షాపు ఇన్‌ఛార్జ్ ఎలా మాట్లాడుతున్నాడో కనుక్కోవాలి. నలుగురి ముందు తిట్టే పైఅధికారి కింద తప్పులు పెరుగుతాయని చాలా అధ్యయనాల్లో తేలింది.

బెజవాడ_బాబ్జీ
సరే, కోత ఆపమన్నారు, లాగిన్లు పెట్టమన్నారు, ఒప్పుకుంటా. కొత్తగా తీసుకునేటప్పుడు మాత్రం మనిషిని చూసుకోవాలా వద్దా? టెస్ట్ వద్దంటే ఏం చూడాలి?

పని_మనసు
చూడాలి, తప్పకుండా. టెస్ట్ పెట్టినా నాలుగింట్లో ఒకటిగా పెట్టండి, ఒక్కదానితో ఎవరినీ తీసేయొద్దు. మిగతావాటిలో ముఖ్యమైనది అందరికీ ఒకే ప్రశ్నలతో ఇంటర్వ్యూ. ఇద్దరు కూర్చుని, విడివిడిగా ఒకటి నుంచి ఐదు మార్కులు వేసి, తర్వాత పోల్చుకోవాలి. ప్రశ్నలు పని నుంచే రావాలి. "తెలిసినాయన బిల్లు లేకుండా కట్ చేసిన స్ట్రిప్ తెచ్చి డబ్బులిచ్చేయమంటున్నాడు, వెనక క్యూ ఉంది. ఏం చేస్తావు?" జవాబులో మూడు చూడండి: రూలు తెలుసా, మనిషిని నొప్పించకుండా కాదనగలడా, పైవాళ్లకి చెబుతాడా. ఏ జవాబుకి ఐదు, దేనికి ఒకటి అన్నది ఇంటర్వ్యూకి ముందే రాసి పెట్టుకోవాలి.

పాత యజమానిని "మంచోడేనా?" అని అడగొద్దు, అందరూ మంచోడే అంటారు. క్యాష్ అప్పగించారా, ఎన్నాళ్లు? చెప్పకుండా సెలవులు నెలకి ఎన్ని? మళ్లీ తీసుకుంటారా? ఈ మూడు చాలు. మూడోదానికి జవాబు రావడానికి పట్టే సమయం కూడా వినండి.

లెక్కల_మాస్టారు
టెస్ట్ కొంటే ఒక పని చేయండి. మొదటి ఏడాది మార్కులు మూసి పెట్టండి, ఎవరినీ వాటితో ఆపొద్దు. ఏడాది చివర సొంత లాగిన్ల మీద వచ్చిన తేడాలు, ఆలస్యాలతో పోల్చండి. 70 మందిలో తేడాలు తేలేది పదిమంది లోపే కాబట్టి గట్టి నిర్ణయం రాదు, కానీ అమ్మేవాళ్ల మాటకి కొంచెమైనా దగ్గరగా ఉందో లేదో తెలుస్తుంది. దీనికి ఒప్పుకోని కంపెనీ దగ్గర కొనొద్దు.

స్టాక్‌రూమ్_సుధ
అందరి పోస్టులూ ప్రింట్ తీసి ఓనరు గారికి ఇచ్చా. మాస్టారి 23 మంది లెక్క దగ్గర ఆగిపోయి రెండుసార్లు చదివారు. కోత ఈ నెల నుంచి ఆపడానికి ఒప్పుకున్నారు. అది స్టాఫ్‌కి ఎలా చెప్పాలి? సర్క్యులర్ సరిపోతుందా?

నైట్‌షిఫ్ట్_నాగులు
సర్క్యులర్ వద్దు. ఓనరు గారే షాపుకి రావాలి. పాత నెలల్లో కోసినది కూడా వెనక్కిస్తే ఇంక మాటే అక్కర్లేదు.

లేబర్_లా_లక్ష్మి
పాతవి తిరిగివ్వడం ఉదారత కాదండీ, వివరణ అడగకుండా కోసిన ప్రతి రూపాయీ వాళ్లు లేబర్ ఆఫీసులో అడగగలిగేదే. ఆలస్యం కాకుండా నెలల వారీగా పట్టిక వేసి ఇచ్చేయండి, సంతకాలు తీసుకోండి.

పని_మనసు
చెప్పేటప్పుడు మూడు నెలల స్టాక్ తేడా అంకెలు వాళ్ల ముందు పెట్టండి, ఐటెం మాస్టర్ తప్పుల వల్ల ఎంత తేలిందో కూడా. కొత్త లాగిన్లు ఎందుకో అప్పుడే చెప్పండి: ఎవడి తప్పు వాడిదే అవుతుంది, పక్కవాడిది నీ మీద పడదు. ప్రశ్నలకి టైం వదలండి, గంటైనా సరే.

స్టాక్‌రూమ్_సుధ
ఆచారి గారూ, ఆఖరి సందేహం. బ్యాంకుల్లో క్యాష్ చూసేవాళ్లని ఏటా కొన్ని రోజులు తప్పనిసరి సెలవు మీద పంపిస్తారు కదా, మాకు పనికొస్తుందా? షాపుకి ఫార్మసిస్టు ఒక్కరే.

ఆడిట్_ఆచారి
బాగా పనికొస్తుంది. బ్యాంకుల్లో కీలక సీట్లలో ఉన్నవాళ్లకి ఏడాదిలో ఒకేసారి కనీసం 10 పనిదినాలు, ముందు చెప్పకుండా, అని రిజర్వు బ్యాంకు నియమం. రోజూ కప్పిపుచ్చుకోవాల్సిన తప్పు పది రోజులు మనిషి లేకపోతే పైకి తేలుతుంది. మీరు సెలవు ఇవ్వలేకపోతే ఇద్దరు ఫార్మసిస్టుల్ని రెండు షాపుల మధ్య మార్చండి. మారే రోజు ఇద్దరూ కలిసి హెచ్1 మందులు, ఫ్రిజ్‌లోని ఇన్సులిన్ లెక్కపెట్టి సంతకాలు చేయాలి. రిజిస్టర్డ్ ఫార్మసిస్టు లేకుండా ప్రిస్క్రిప్షన్ మందులు అమ్మకూడదు కాబట్టి మార్పు రెండు చోట్లా అదే పొద్దున జరగాలి, లైసెన్సులో పేరున్న మనిషి మారుతున్నాడని డ్రగ్ ఇన్‌స్పెక్టర్ ఆఫీసుకి ముందే కాగితం పెట్టండి.